ఏ పత్తాలు పారెయ్యాలి, మామూ?



ఈసారి రాసింది చదివి కొందరు బుజుర్గులు నన్ను కోప్పడతారని తెలుసు. పత్తాల గురించి రాస్తున్నాను. అదీ జువా పత్తాల గురించి. ఆడమని కాదు, అస్తగ్‌ఫిరుల్లాహ్. కానీ "హరాం, ముట్టుకోకు" అని ఒక్క మాటతో తేల్చేసి పక్కకు జరిగితే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాను. అందుకే ఈ వివరం.

మొన్న రంజాన్‌లో జనగామలో మా అప్పా ఇంటికి వెళ్లాను. అబ్బా, అమ్మీ ఇప్పుడు అక్కడే ఉంటున్నారు. తరావీహ్ అయిపోయాక మేడమీద చాప వేసుకుని కూచున్నాం, నేనూ మా భాంజా. వాడికి 19 ఏళ్లు. హైదరాబాదులో హాస్టల్‌లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కాసేపు అటూ ఇటూ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగాడు.

"మామూ, మీకు పోకర్ మంచిగొస్తదట గదా?"

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"నానా చెప్పిండు. నన్నడిగితే ఏం లాభం, మీ మామూనడుగు అన్నడు."

నాకు నోట మాట రాలేదు. మా అబ్బాకూ నాకూ మధ్య ఆ మాట వచ్చి పదేళ్లు దాటింది. మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

వాడు ఫోను తీసి చూపించాడు. అడ్డం 13, నిలువు 13 గళ్ల పట్టిక. కొన్ని గళ్లు పచ్చగా, కొన్ని పసుపుగా, ఎక్కువ ఎర్రగా. ఆ పట్టికను చూడగానే పోల్చుకున్నాను. ఒకప్పుడు నా పర్సులో నాలుగు మడతలు పెట్టుకుని తిరిగింది అదే.

"ఎర్రవి పారెయ్యాలె, గది తెలుసు. కని పారేస్తే కూడ పైసలు పోతున్నయ్ మామూ. అసలు ఏ పత్తాలు పారెయ్యాలి?"

"పైసలు పోతున్నయ్" అన్న మాట చెవిలో పడింది. అప్పుడే ఏమీ అనలేదు. కిందికెళ్లి అప్పా వంటింట్లోంచి గుప్పెడు చింతగింజలు, అలమారలో అడుగున పడి ఉన్న పాత పత్తాల కట్ట తెచ్చాను. పైసలు లేకున్నా పత్తాలు పట్టొద్దనే ఉలమాలు ఉన్నారు. వాళ్ల మాట మీద నాకు బహస్ లేదు. ఆ రాత్రికి నాకు తోచింది అదొక్కటే.

ఆట తెలియనివాళ్లకు క్లుప్తంగా చెప్తాను. ఒక్కొక్కరికి రెండేసి పత్తాలు మూసి పంచుతారు. తర్వాత అందరికీ ఉమ్మడిగా ఐదు పత్తాలు తెరుస్తారు. మొదట మూడు ఒకేసారి, దాన్ని ఫ్లాప్ అంటారు. ఆ తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి. మొత్తం ఏడింటిలో ఎవరి ఐదు పత్తాలు మేలైతే వాళ్లదే మధ్యలో ఉన్న పైసలన్నీ. తెరిచే ముందు ఒకసారి, తెరిచిన ప్రతిసారీ మళ్లీ ఒకసారి పందెం నడుస్తుంది. వద్దనుకున్నవాడు పత్తాలు మూసి పారేస్తాడు. దాన్ని ఫోల్డ్ అంటారు.

52 పత్తాల్లో రెండు పత్తాలు 1326 రకాలుగా రావచ్చు. గుర్తుల తేడా పక్కన పెట్టి లెక్కేస్తే 169 రకాలు మిగులుతాయి. వాడి ఫోనులో ఉన్న గళ్లు అవే. రెండు ఎక్కాలు రావాలంటే సగటున 221 సార్లకు ఒక్కసారి. ఏదో ఒక జత రావాలన్నా 17 సార్లకు ఒక్కసారి. తొమ్మిది మంది కూచునే బల్ల దగ్గర బుద్ధిగా ఆడేవాడు నూటికి 15, 20 సార్లకు మించి పందెంలోకి దిగడు. మిగతా 80 సార్లు పారేయడమే వాడి పని.

"అన్నిట్ల బేకార్ పత్తాలు ఏవి?" అని అడిగాను.

"సత్తా, దుక్కీ. వేరే వేరే గుర్తులు."

సరిగ్గా చెప్పాడు. ఏడు, రెండు. మన తెలుగులో ఆ ఏడు పేరు సత్తాయే గానీ ఆ చేతికి ఏ సత్తా లేదు. రెండూ కలిసి వరస కట్టవు, ఒకే గుర్తు కావు, జత పడినా చిన్న జతే.

"అయితే విను బేటా. సత్తా, దుక్కీతోని ఎవడూ బర్బాద్ కాడు. అందరూ పారేస్తరు. ఇల్లు ముంచేటియి వేరే ఉన్నయ్."

చాప మీద ఒక్కో రకం పెట్టి చూపించాను.

ఎక్కా, పక్కన చిన్న పత్తా. ఇది అందమైన బలహీనత. ఎక్కాను చూడగానే మనసు ఒప్పుకోదు పారేయడానికి. కానీ ఎదుటివాడి దగ్గర కూడా ఎక్కా ఉండి, వాడి పక్కపత్తా పెద్దదైతే మన పని అయిపోయినట్టే. ఆ పక్కపత్తాను కిక్కర్ అంటారు. ఎక్కా, ఛక్కా పట్టుకున్నవాడు ఎక్కా, బేగం పట్టుకున్నవాడితో తలపడితే నూటికి 70 సార్లు ఓడిపోతాడు. పైగా ఫ్లాప్‌లో ఎక్కా వస్తే గెలిచాననుకుని ఇంకా పెడతాడు. మంచి పత్తా రావడమే వాడికి శాపం.

బాద్షా, దహ్లా. బేగం, నహ్లా. బొమ్మను చూసి మురిసిపోవడమే తప్ప, ముందు కూచున్నప్పుడు పనికిరానివి.

రెండూ ఒకే గుర్తు. "రెండూ ఇస్పేటే గదా" అని దిగేవాళ్లు చాలామంది. ఒకే గుర్తు కావడం వల్ల బలం నూటికి రెండు మూడు పాళ్లు పెరుగుతుంది, అంతే. ఫ్లాప్‌లోనే ఐదూ ఒకే గుర్తు కుదిరేది నూటికి ఒక్కసారి కన్నా తక్కువ.

చిన్న జతలు. రెండు తిక్కీలు, రెండు చౌకాలు. మూడోది ఫ్లాప్‌లో దొరికేది ఎనిమిది తొమ్మిది సార్లకు ఒక్కసారి. తక్కువలో చూడొచ్చు. ఎవడైనా గట్టిగా పెంచితే పారెయ్యాలి.

ఇక కుర్సీ. అదే పత్తాలు, ముందు మాట్లాడాల్సిన చోట బలహీనం, ఆఖరున మాట్లాడే చోట కాస్త బలం. అందరూ ఏం చేశారో చూశాక మాట్లాడేవాడికి తెలిసినంత, మొదట మాట్లాడేవాడికి తెలియదు. మా అమ్మీ దగ్గర ఈ లెక్క ముందే ఉంది. రిష్తా మాటల్లో ఎప్పుడూ అవతలివాళ్లను ముందు మాట్లాడనిస్తుంది.

ఆఖరిది బ్లైండ్. ఇద్దరు పత్తాలు చూడకముందే కొంత పెట్టాలి. ఒకరు సగం, ఒకరు పూర్తి. ఆ సగం పెట్టినవాడి ముందుకు పనికిరాని పత్తాలు వచ్చినా వాడేమనుకుంటాడు? "ఎలాగూ సగం పెట్టేశాను కదా, ఇంకో సగమే కదా" అనుకుంటాడు. అలా ఒక్కో సగమే పోతూ ఉంటుంది. మధ్యలోకి జరిపిన పైసా మనది కాదు. అది వెళ్లిపోయింది. దాని మీద ప్రేమతో ఇంకో పైసా పంపడమే అన్నిటికన్నా బలహీనమైన ఆట.

ఇదంతా నాకు ఎలా తెలుసో కూడా చెప్పాలి కదా.

2014లో కొండాపూర్‌లో నలుగురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ప్రతి శనివారం రాత్రి ఆఫీసు వాళ్లు ఏడెనిమిది మంది వచ్చేవాళ్లు. మొదట్లో పల్లీలు తింటూ వంద, రెండొందల ఆట. ఏడాది తిరిగేసరికి వేలల్లోకి వెళ్లింది. నేను మిగతావాళ్లలా కాదు. చదివేవాణ్ణి. పట్టిక బట్టీ పట్టాను. నూటికి 80 సార్లు పారేసి, గోడకు ఆనుకుని, చాయ్ తాగుతూ ఓపికగా కూచునేవాణ్ణి. సబర్ అంటే ఇదే అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి, అల్లాహ్ మాఫ్ చేయాలి. నెలకు ఐదారు వేలు మిగిలేవి. లోపల ఒక గొంతు అడిగేది, ఇది జువా కదరా అని. దానికీ జవాబు తయారుగా ఉండేది. ఇది కిస్మత్ కాదు, హునర్. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లోనే రమ్మీలో నైపుణ్యానిదే పెద్దపీట అన్నది. రమ్మీకి అన్నమాటను పోకర్‌కు నేనే అతికించుకున్నాను. జువా ఆడేవాళ్లు వేరు, నేను వేరు. వాళ్లకు పారేయడం తెలియదు, నాకు తెలుసు.

2015 బక్రీద్‌కు ముందు శనివారం. కడప వైపు పిల్లవాడు ఒకడు మా ఆఫీసులో కొత్తగా చేరాడు. 23 ఏళ్లు ఉంటాయేమో. ఆ రాత్రి బల్ల చుట్టూ ముస్లింలం మేమిద్దరమే. తెల్లారితే ఊరెళ్లాలి వాడు. అప్పటికే రెండుసార్లు చిప్స్ కొని పోగొట్టుకున్నాడు. మూడోసారి కొన్నాడు. మొదటి కుర్సీలో కూచుని పందెం పెంచాడు. అందరూ పారేశారు. ఆఖరున నేను. నా చేతిలో ఎక్కా, బేగం.

ఫ్లాప్‌లో ఎక్కా, నహ్లా, చౌకా. వాడి మొహం చూడగానే తెలిసింది వాడి దగ్గర ఎక్కా ఉందని. పక్కపత్తా చిన్నదని కూడా తెలిసింది. తర్వాత గులాం. ఆఖరున దుక్కీ. వాడు ముందున్నదంతా మధ్యలోకి తోశాడు. నేను చూపించాను. వాడు ఎక్కా, ఛక్కా పెట్టాడు. కాసేపు అర్థం కానట్టు చూశాడు, ఇద్దరికీ ఎక్కాల జతే కదా అన్నట్టు. ఎవరో కిక్కర్ అన్నారు. అప్పుడు తల ఊపాడు.

ఆ రాత్రి వాడు 42 వేలు పోగొట్టుకున్నాడు. అందులో 29 వేలు నా దగ్గరికి వచ్చాయి.

తెల్లవారుజామున నాలుగు గంటలకు మెట్ల దగ్గర నన్ను ఆపాడు. "భయ్యా, ఆరొందలుంటే ఇస్తారా? బస్ ఛార్జీకి. ఊర్నించి రాంగానే ఇస్తా." జేబులోంచి తీసి ఇచ్చాను. వాడి నోట్లే అవి. "షుక్రియా భయ్యా, జజాకల్లాహ్" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. పైన ఎక్కడో ఫజర్ అజాన్‌కు మైకు సరిచేస్తున్న చప్పుడు వినిపించింది. నేను గదిలోకి వెళ్లి పడుకున్నాను. నమాజుకు లేవలేదు.

నేను గురువారం ఊరికి వెళ్లాను. ఆ 29 వేలు అమ్మీ చేతిలో పెట్టి బోనస్ అన్నాను. అమ్మీ కళ్లకద్దుకుని, "ఈసారి ఖుర్బానీల మన హిస్సా మనదే ఏస్కుందాం" అంది. అబ్బా ఏమీ అనలేదు. ఇషా అయ్యాక నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"కంపెనీ బోనస్ బ్యాంకుల పడ్తది బేటా. రబ్బర్ బ్యాండేసి ఇయ్యరు."

నేను తల దించుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తన సంగతి చెప్పాడు. నాకు అప్పటిదాకా తెలియని సంగతి.

అబ్బా రైసు మిల్లులో గుమస్తా. నేను పుట్టకముందు మిల్లు వెనక గోదాములో రాత్రిళ్లు రమ్మీ ఆడేవాడట. పదమూడు పత్తాల ఆట. పత్తాలు చూసి బాగాలేకపోతే మొదట్లోనే పారేస్తే 20, ఒక పత్తా ఎత్తాక పారేస్తే 40, ఆఖరుదాకా కూచుని ఓడితే 80.

"డ్రాప్ కొట్టుట్ల నన్ను మించినోడు లేకుండె. ఇర్వై ఇచ్చి లేస్తుంటి. అందరు పిచ్చోళ్ల లెక్క ఎనబై ఎనబై ఇస్తుండ్రి. నేను చాలా హుషార్ అనుకున్న" అన్నాడు అబ్బా. కాసేపు ఆగాడు. "కని చూడు బేటా, ఎనబై ఇచ్చేటోళ్లు నెలల సాఫ్ అయి ఇంటికి పోయిన్రు. నేను ఏడేండ్లు కూసున్న. డ్రాప్ కొట్టుడు తెల్సినోడే ఎక్కువ రాత్రులు కూసుంటడు."

ఒక రాత్రి అప్పాకు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయట. అమ్మీ ఒక్కతే రిక్షాలో వేసుకుని దవాఖానకు పోయింది. అబ్బా ఫజర్‌కు ఇంటికొచ్చేసరికి తాళం. "ఆ రాత్రి నేను ఓడలే. పదకొండు రూపాయలు గెల్చి వచ్చిన" అన్నాడు. అంతే. మళ్లీ గోదాముకు పోలేదు.

ఖుర్బానీకి ఆ పైసలు ముట్టలేదు. అబ్బా తన దాచుకున్న దాంట్లోంచి హిస్సా కట్టాడు. "ఎవలయి వాళ్లకియ్యి. తెల్వకుంటే గరీబులకియ్యి, సవాబ్ ఆశ పెట్టుకోకు" అని మాత్రం చెప్పాడు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. పండగ అయ్యాక ఆ కడప పిల్లవాడు వచ్చాడు. క్యాంటీన్‌లో 29 వేలు కవరులో పెట్టి ఇచ్చాను. ముందు తీసుకోలేదు. "మీరు గెలిచారు కదా భయ్యా" అన్నాడు. బలవంతంగా జేబులో పెట్టాను. "హరాంరా, మళ్లీ ఆడకు" అన్నాను. సరే అన్నాడు. నా గుండె మీద రాయి దిగినట్టయింది. నేను ఆ శనివారం వేరే దోస్తు గదికి వెళ్లి పడుకున్నాను. చేతులు కడిగేసుకున్నాను కదా.

వాడు ఆ శనివారం అదే కవరుతో మా ఫ్లాట్‌కు వెళ్లాడు. మిగతా 13 వేలు కూడా రాబట్టాలి కదా. తెల్లారేసరికి కవరు ఖాళీ. రెండు నెలలకు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో తెలియదు. నేను పైసలైతే తిరిగిచ్చాను. "హరాం" అని ఒక మాటా చెప్పాను. వాడి పక్కన కూచుని, సగం పెట్టిన పైసల మీద ప్రేమ ఎట్లా చంపుకోవాలో చెప్పలేదు. అది నాకు తెలిసిన విద్యే. వాడి దగ్గర గెలవడానికి వాడాను, వాణ్ణి లేపడానికి వాడలేదు.

జువాలో కొంత లాభం ఉందని ఖురానే బఖరా సూరాలో చెబుతుంది, దాని పాపం ఆ లాభం కన్నా పెద్దదని కూడా చెబుతుంది. చిన్నప్పుడు ఆ మాట నాకు వింతగా ఉండేది. లాభం ఉందని ఒప్పుకోవడం ఎందుకు అని. ఇప్పుడు అర్థమవుతోంది. లాభమే లేకపోతే ఎవడూ కూచోడు. ఐదారు వేల లాభమే నన్ను ఏడాదికి పైగా కూచోబెట్టింది.

మళ్లీ మేడమీదికి వస్తాను. చింతగింజలతో ఇద్దరం ఆడాం. ఇద్దరమే అయినా తొమ్మిది చేతులు పంచి, వాడి ఒక్క చేయి మాత్రం చూసుకోమన్నాను. పట్టిక ప్రకారం ఆడమన్నాను. పారెయ్, పారెయ్, పారెయ్. బాద్షా, దహ్లా వస్తే ముఖం వెలిగింది. "కుర్సీ చూడు" అన్నాను. పారేశాడు. నలభై చేతులయ్యేసరికి ఆవలించాడు.

"బోర్ కొడ్తుంది మామూ."

"గదే బేటా. మంచిగ ఆడుడంటే బోరే. చింతగింజలకు ఎవడు కూసుంటడు గింతసేపు? పత్తాల్ల మజా లేదు. మజా అంతా పైసల్ల ఉన్నది."

వాడు పత్తాలు సర్దుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. 2025లో పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధిస్తూ చట్టం వచ్చాక పేరున్న యాప్‌లు మూతపడ్డాయి కదా, హాస్టల్ పిల్లలు ఇంకో దారి పట్టారట. యాప్‌లో ఉత్త చిప్స్‌తో ఆట. లెక్క వాట్సాప్ గ్రూపులో. ఆదివారం యూపీఐలో పైసలు. వాడికి 8,400 పోయాయి. అందులో మెస్ ఫీజు ఉంది.

"ఇంకో రెండు వారాలు మంచిగ ఆడితే ఎల్తయి మామూ. మీరు జర నేర్పితే..."

"మధ్యలకు జరిపిన పైసలు ఎవరియి?"

జవాబు లేదు.

"ఇందాక చెప్పిన. ఎవరియి?"

"మనయి కావు."

"ఎనిమిది వేల నాలుగొందలు పోయినయ్. అయిపోయింది. అవి సగం బ్లైండ్. ఇప్పుడు నీ ముందట ఉన్న చెయ్యి ఏందో చూస్కో. పారేసేదా, ఆడేదా?"

వాడు ఫోను తీశాడు. ఆ గ్రూపులోంచి బయటకు వచ్చాడో, పట్టిక మళ్లీ చూశాడో నేను తొంగి చూడలేదు. మెస్ ఫీజు నేను కడతాను అనబోయి ఆగిపోయాను. కవరు గుర్తొచ్చింది.

కింద అబ్బా దగ్గు వినిపించింది. ఇంకా పడుకోలేదు. నన్నడగమని వీణ్ణి పంపింది ఎందుకో అప్పటికి బాగానే అర్థమైంది. పదేళ్ల కింద రబ్బర్ బ్యాండ్ చూసినవాడు మనవడి మొహం చూడకుండా ఉంటాడా?

"మామూ, అమ్మీకి చెప్తరా?"

"నేను చెప్ప. సహరీకి లేచినప్పుడు నువ్వే చెప్పు. నేను పక్కన కూసుంట."

చింతగింజలు ఏరి గిన్నెలో వేశాడు. మూడు గంటలకు అలారం పెట్టుకున్నాం.